మొదటి అధ్యాయం తర్వాత

ఈసారి అల్లం తవ్వకాలు మొదలుపెట్టాల్సిన వారంలోనే మా ఆయన కుడికంటికి ఆపరేషన్ అయింది. పంట ఇల్లు చేరినంక చేయించుకుంటానని ఆయన, ఇప్పటికే ఆలస్యమైందని డాక్టరు. డాక్టరే నెగ్గాడు. నలభై రోజులు దుమ్ములోకి పోవద్దు, వంగొద్దు, బరువెత్తొద్దు, తలకు నీళ్లు పోసుకోవద్దు. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు. ఎడమకన్ను అంతకుముందే మసక కాబట్టి పేపరు చదవడం, టీవీ చూడడం కూడా బందు.

“మరి బతుకుడెట్ల?” అన్నాడు, నల్లద్దాలు పెట్టుకుని జహీరాబాద్ దవాఖాన మెట్లు దిగుతూ.

“నేను లేనా?”

“నువ్వు రాసుకుంట కూసుంటవ్. అల్లం ఎవరు తవ్విస్తరు?”

అట్లా, ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి కిందటేడే రిటైరైన నేను, నాలుగు నవలలు రాసిన నేను, ఎకరంన్నర అల్లానికి కావలిదారునయ్యాను.

అదే వారం హైదరాబాద్ నుంచి సహస్ర ఫోన్ చేసింది. నా పుస్తకాలు వేసే సంస్థలో కొత్తగా చేరిన అమ్మాయి. నా మొదటి నవల ‘తూకం చీటీ’ వచ్చి పాతికేళ్లవుతోందని మళ్లీ అచ్చు వేస్తున్నారు.

“మేడమ్, దీనికి మీరే ముందుమాట రాయాలి. ఈ నవల ఎలా పుట్టింది, ప్రేరణ ఎక్కడిది, ఆ రోజుల్లో మీ రాత ఎలా సాగేది... ఇప్పటి పిల్లలు అవే అడుగుతున్నారు. ఉగాదికి పుస్తకం రావాలి.”

రాస్తానన్నాను. ప్రేరణ గురించి చెప్పడం నాకు కొత్త కాదు. సభల్లో, కాలేజీల్లో ఆ ప్రశ్న అడగని చోటు లేదు. నా దగ్గర ఒక జవాబు ఉంది. “కోపం,” అంటాను. ఆ ఒక్క మాట అని కాసేపు ఆగుతాను. చప్పట్లు కొడతారు.

మా చెలక కోహీర్ రోడ్డులో ఉంది. పొద్దున్నే చాయ్ తాగి, ఆయన కంట్లో మొదటి చుక్క వేసి, ఆటోలో పోయేదాన్ని. అప్పటికే గుండయ్య పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి ఉండేవాడు. గుండయ్య మా మామగారి కాలం నుంచీ మా పనుల్లో ఉన్న మనిషి. డెబ్బై దాటాయి. ఇప్పుడు తను పార పట్టడు. తవ్వేవాళ్ల వెనక నడుస్తూ, మట్టిలో మిగిలిపోయిన అల్లం కొమ్ములను కాలివేళ్లతో కనిపెడతాడు.

“టీచరమ్మా, నువ్వు నీడకు కూసో. ఈడ నీతోని అయ్యే పనేం లేదు,” అన్నాడు మొదటిరోజే.

నిజంగానే లేదు. పార ఎంత దూరంలో దించాలో ఆ ఆడవాళ్ల చేతులకు తెలుసు. దగ్గర దించితే గడ్డ తెగుతుంది, దూరం దించితే సగం భూమిలోనే ఉండిపోతుంది. నేను వేపచెట్టు కింద గోనెసంచి పరుచుకుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని ముందుమాట మొదలుపెట్టాను.

‘ప్రతి రచన వెనకా ఒక గాయం ఉంటుంది’ అని రాశాను. కొట్టేశాను. అది కాగితం మీది వాక్యం కాదు, మైకు ముందర వాక్యం. ‘రచయితకు ప్రేరణ జీవితమే’ అని రాశాను. నా శిష్యులెవరైనా ఇట్లా రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేదాన్ని.

నిజం చెప్పాలంటే ప్రేరణ అనేది వచ్చి మా తలుపు కొట్టిన గుర్తు నాకు లేదు. వచ్చి ఉంటే ‘కూసో, పప్పు దించి వస్త’ అనేదాన్ని. స్కూలుకు పోయే ముందు గంటన్నర, వంటింట్లో బియ్యం డబ్బాను బల్ల చేసుకుని రాసేదాన్ని. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే నా కథలోని మనుషులు మాట్లాడుకునేవాళ్లు. కుక్కర్ కూతపెడితే నోరు మూసుకునేవాళ్లు. మళ్లీ మర్నాడు వాళ్లు ఆగిన చోటనే ఉన్నారా, అలిగి పోయారా అని చూసుకోవడం. నాలుగు నవలలూ అట్లా వచ్చినవే. ఇది రాస్తే సహస్రకు నచ్చుతుందా అని ఆలోచించి, అదీ కొట్టేశాను.

ఇంటికొచ్చాక కూడా అదే పని. మూడోరోజో నాలుగోరోజో మా ఆయన మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉండి, “ఏం రాస్తున్నవ్ టీచరమ్మా?” అన్నాడు. మా పెళ్లయిన కొత్తలో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచీ నా పేరు పెట్టి పిలవడం మానేశాడు.

“ముందుమాట.”

“కలం చప్పుడు ఇనొస్తున్నది. రాసుడు తక్కువ, కొట్టేసుడెక్కువ ఉన్నది.”

“మీకేం తెలుసు?”

“కండ్లు మూసుకుంటే అన్ని ఇనొస్తయి. ముందుమాట రాయాలంటే ముందుగాల పుస్తకం చదువుకోవాలె. జర పెద్దగ చదువు, నేను గూడ వింట. రేడియోల అన్ని అడ్వటైజుమెంట్లే.”

నాకు నవ్వొచ్చింది. మా ఆయన పేరు మదన్‌మోహన్. ఆయన చేతిమీదుగా పోని కాగితం నేను ఒక్కటీ రాయలేదు. ప్రతి నవలనూ గుడ్డ కవర్లో కుట్టి, లక్క వేసి, పోస్టాఫీసులో రిజిస్టరు చేసి వచ్చింది ఆయనే. అచ్చయి వచ్చాక “మంచిగుంది” అనేవాడు. ఆ ‘మంచిగుంది’ చదివినవాళ్లు అనేది కాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ ఒప్పందం ఇద్దరికీ అనువుగానే ఉండేది.

నాలుగో నవలతో మొదలుపెట్టాను. బస్సు కండక్టరుగా పనిచేసే ఒకమ్మాయి కథ అది. మధ్యాహ్నం రెండో చుక్క వేశాక పది నిమిషాలు కళ్లు మూసుకుని ఉండాలి. ఆ పది నిమిషాలతో మొదలైన చదువు పొద్దుగూకేదాకా సాగింది.

పాతికేళ్లలో నా మీద చాలా సమీక్షలు వచ్చాయి. ఇట్లాంటి విమర్శకుణ్ని మాత్రం నేను చూడలేదు.

“ఆగు. ఏడింటికి డ్యూటీ ఎక్కింది. ఎనిమిదింటికి జొన్నరొట్టె తింటున్నది. ఆ రొట్టె ఎవరు చేసిన్రు?”

“ఆమెనే చేసుకుంది అనుకోన్రి.”

“మరి ఎప్పుడు లేచింది? నాలుగింటికి లేచి ఉండాలె. నువ్వు రాయలే.”

ఇంకో రోజు, “నీ మనుషులు మస్తు ఆలోచన చేస్తరు. పని ఎప్పుడు చేస్తరు?” అన్నాడు. ఆ మాటకు నేను రెండు గంటలు మూతి ముడుచుకున్నాను. తర్వాత పెన్సిలు తీసుకుని ఆ పేజీలో ఆరు వాక్యాలకు అడ్డగీత గీశాను. లేకపోయినా కథకు ఏ లోటూ రాలేదు.

కండక్టరమ్మాయి చివరి డ్యూటీ దిగి, టికెట్ల మిషను డిపోలో అప్పజెప్పి, చేతులు ఖాళీగా నడుచుకుంటూ పోయే చోట ఆయన నిద్రపోయాడనుకున్నాను. పేజీ తిప్పుతుంటే, “చేతులేడ పెట్టుకోవాలెనో ఆమెకు తెలుస్తలేదు గద, పాపం,” అన్నాడు. ఆ వాక్యం కోసం నేను పదకొండు రోజులు తిప్పలు పడ్డాను. ఆ మర్నాడు చెలక నుంచి ఆటో కోసం ఆగకుండా, కోహీర్ జామకాయలు తెస్తున్న ట్రాలీ ఎక్కి ఇంటికొచ్చాను, ఆలస్యమవుతుందని.

మూడోది అయింది. రెండోది అయింది. తవ్వకం సగానికి వచ్చింది.

“ఇగ మొదటిది తియ్యి,” అన్నాడు.

“అది నాకు యాదికున్నది. మల్ల చదువుడెందుకు?”

“ముందుమాట దానికే గద రాసేది?”

రెండు రోజులు ఏదో సాకు చెప్పాను. ఎందుకో చెప్పాలి.

మా మొదటి బిడ్డ ఆడపిల్ల. అది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. నెలలు నిండకుండానే పుట్టి ఒక్కరోజు బతికింది. నాకు జ్వరం, ఒళ్లు తెలియదు. దవాఖానలో నేను కళ్లు తెరిచేసరికి పక్కన మా అత్తమ్మ ఇందిరమ్మ ఉంది. బిడ్డ పోయిందని చెప్పింది. ఆయనేడని అడిగాను. “చెరుకు బండి తోలుకపోయిండు. కటింగ్ ఆర్డరు ఇయ్యాల్టికే ఉండె,” అంది. ఫ్యాక్టరీ చెప్పిన రోజున చెరుకు తూకానికి చేరకపోతే ఎండిపోతుంది, నిజమే. బిడ్డనెక్కడ పెట్టారని అడిగితే, “అడుగకు. అడిగితే మర్సిపోవు,” అంది.

ఆయన్ని నేను అడగలేదు. ఆ రోజు బండి తోలిన మనిషిని ఏమని అడగాలి? మా పుట్టింటికి పోయి మూడు నెలలుండి వచ్చాను. వచ్చాక ఇద్దరం మామూలుగానే ఉన్నాం. రెండేళ్లకు రేఖ పుట్టింది. ఇప్పుడు బీదర్‌లో టీచరు. కానీ ఆ బండి నా లోపల తిరుగుతూనే ఉంది. ఒకనాడు బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని, ఆ బండితోనే మొదలుపెట్టాను. బిడ్డ చచ్చిన రోజు చెరుకు తూకానికి పోయి, చీటీ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చిన నర్సింహులు అనే మనిషి. అతనితో బతికిన రాజమ్మ. ‘తూకం చీటీ’ అదే. దానికి బహుమతి వచ్చింది. ఆ మొదటి అధ్యాయాన్ని కాలేజీల్లో పాఠంగా చెప్తున్నారు. అది రాసినందుకే నేను రచయితనయ్యాను.

దాన్ని ఇప్పుడు ఆయన ముందు కూర్చుని, ఆయన కంటికి మందు వేసిన చేత్తో పట్టుకుని, పెద్దగా చదవాలి.

మూడోరోజు దొంగపని చేశాను. రెండో అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో, “మొదటిది ఇడిసిపెట్టినవ్,” అన్నాడు.

నేను పుస్తకం దించాను.

“ముందుగాల చెరుకు బండి ఉండాలె గద.”

“మీరు చదివిన్రా?”

“గంతవరకే చదివిన. పుస్తకాల కట్ట వచ్చిన దినం. బస్టాండ్ల పార్సిల్ ఆఫీసు బల్ల మీద కూసొని పది పేజీలు చదివిన. మల్ల కట్ట కట్టి ఇంటికి తెచ్చిన.” నా వైపు తిరిగి అన్నాడు, “చదువు. మొదటిదే చదువు.”

చదివాను. సభల్లో ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో అలవాటు. ఆ రోజు ఆ అలవాటేదీ పనికిరాలేదు. బడిపిల్ల చదివినట్లు చదువుకుంటూ పోయాను. నర్సింహులు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అధ్యాయం అయిపోయింది.

వీధిలో ఎవరో ఉల్లిగడ్డలమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యాక ఆయన అన్నాడు.

“బండి తోలింది నేను కాదు. గుండయ్య తోలిండు.”

“మరి మీరు?”

“బిడ్డను తీసుకపోయిన.”

నేను పుస్తకం మూయలేదు, అందులోకి చూడనూ లేదు. ఆయన నెమ్మదిగా, పొలం సంగతి చెప్పినట్లే చెప్పుకుంటూ పోయాడు.

“అమ్మ టువాలల సుట్టి ఇచ్చింది. ఈడ పెడితే కోడలు పిల్ల రోజు చూసుకుంట ఏడుస్తది, చిరాగ్‌పల్లిల మీ మామ చెలకల పెట్టి రాపో అన్నది. గురులింగప్ప మామ కాడికి. బస్సుల పోయిన. ఒళ్లె పెట్టుకొని కూసున్న. పక్క సీటామె, పసిబిడ్డను గింత ఎండల తెస్తరా, ముఖం మీద బట్ట కప్పు అన్నది. కప్పిన.”

“అత్తమ్మ నాతోని బండి అని చెప్పింది.”

“ఏమన్న ఒకటి చెప్పాలె గద. చెరుకు అని చెప్పింది. నన్ను గూడ చెప్పొద్దన్నది. నాలుగు దినాలైతే మర్సిపోతదన్నది.”

“నేను మర్సిపోయిన్నా?”

“లేదు,” అన్నాడు. “రాసినవ్.”

నల్లద్దాల కింది నుంచి నీళ్లు కారుతున్నాయి. కంట్లో నీళ్లు పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. దూది తీసుకుని, కన్ను తగలకుండా చెంప తుడిచాను. మూడో చుక్క వేళయింది, అదీ వేశాను. తర్వాత లేచి వంటింట్లోకి పోయాను.

నాకు కోపం రాలేదని చెప్పను. పొయ్యి ముట్టించి ఆర్పి, మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

“పార్సిల్ ఆఫీసుల చదివిన్రు గద. అప్పుడన్న చెప్పొచ్చు గద.”

“చెప్దామనే వచ్చిన. కట్ట విప్పి నువ్వు పుస్తకాన్ని ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసినవ్. బిడ్డ పోయినంక నువ్వట్ల నవ్వంగ చూసుడు నాకు అదే మొదలు.”

“నా నవ్వు కోసం నా బిడ్డనేడ పెట్టిన్రో నాకు చెప్పలేదా?”

“తప్పే,” అన్నాడు ఆయన.

నాలుగు రోజులు పుస్తకం తీయలేదు. చుక్కలు వేశాను, అన్నం పెట్టాను, మాట్లాడలేదు. చెలకలో గుండయ్య వరస చివర నిలబడి బీడీ ముట్టించుకుంటుంటే దగ్గరికి పోయాను.

“గుండయ్యా, నా మొదటి బిడ్డ పోయిన దినం చెరుకు బండి ఫ్యాక్టరీకి ఎవరు తోలిన్రు?”

బీడీ నోట్లోంచి తీసి నా ముఖంలోకి చూశాడు. “నేనే తోలిన. రెండు దినాలు లైన్లనే ఉన్న. ఎందుకమ్మా?”

“ఉట్టిగనే.”

“మా పటేల, అదే మీ ఆయన, చిరాగ్‌పల్లి నుంచి వాపసు ఎడ్లబండి తొవ్వ పట్టుకొని నడుసుకుంటొచ్చిండు ఆ దినం. బస్సు ఎక్కలే. తెల్లారి మా లైను కాడికొచ్చి, నువ్వు పోయి పండుకోపో గుండయ్యా అన్నడు. ఎడ్లకు గడ్డేసి వాటి కాడనే కూసున్నడు.” మళ్లీ బీడీ పెట్టుకుని, ఆడవాళ్ల వైపు తిరిగి, “ఏయ్ కమలమ్మా, ఆ మూలకు గడ్డలు తెగుతున్నయి చూడు,” అని కేకేశాడు. గుండయ్యకు అది ఎన్నడో అయిపోయిన పాత సంగతి. మా ఇంట్లో ఆ సంగతి తెలియని మనిషిని నేనొక్కదాన్నే. తెలియకుండానే దాని మీద నూట ఎనభై పేజీలు రాశాను.

ఆ సాయంత్రం సహస్రకు ఫోన్ చేశాను. మొదటి అధ్యాయం మార్చి రాస్తాను, అచ్చు ఆపమన్నాను.

“మేడమ్, ఆ అధ్యాయమా?” ఆ పిల్ల గొంతు సన్నగిల్లింది. “అది మార్చితే నవలే ఉండదు మేడమ్. ఏమైనా తప్పు దొర్లిందా?”

“అవును.”

“ఒక వారం ఆగుతాను. మీరు బాగా ఆలోచించి చెప్పండి, ప్లీజ్.”

ఫోన్ పెట్టేసి తిరిగితే మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

“మార్చకు,” అన్నాడు.

“అబద్ధం గద అది. ఊరంత మిమ్మల్ని ఏమనుకున్నరు ఇన్నేండ్లు? అంగట్ల ఎవరు అడుగలేదా?”

“అడిగిన్రు. నీ పెండ్లాం పుస్తకంల నిన్ను కడిగిందట గద అన్నరు. ఆ పుస్తకంల ఆయన పేరు నర్సింహులు, నా పేరు మదన్‌మోహన్ అన్న.” కాస్త నవ్వాడు. “నర్సింహులు నిజంగనే బండి తోలిండు. ఆయన్ని నేనెట్ల ఆపుత? నీకు పుస్తకం చదివిన ఆడోళ్ల కాడ్నుంచి ఉత్తరాలొచ్చేటియి, యాదికున్నదా? పోస్టుమ్యాను కాడికెళ్లి తెచ్చింది నేనే. కొన్ని విప్పి ఉండేటియి, చదివిన. ఇంటింటికి ఒక నర్సింహులున్నడు టీచరమ్మా. వాళ్ల కోసం రాసినవ్ అది. నా ఒక్కని కోసం ఖరాబు చెయ్యకు.”

నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాలుగు రోజులుగా నోట్లో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. నిజానికి అది ముప్పై ఏళ్లుగా అడగాల్సిన మాట.

“బిడ్డ ఎవరి లెక్క ఉండె?”

“నీ లెక్క,” అన్నాడు వెంటనే, ఎవరైనా అడుగుతారని ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్లు. “నుదురు గింత, వెడల్పుగ. ఎంటికలు మస్తుండె. ఎడమ చెయ్యి పిడికిలి పట్టి ఉండె, విప్పరాలే. చెవి కాడ చిన్నగ ఎర్రటి మచ్చ.”

“ఏ చెవి?”

“కుడి.”

ఇంకా అడిగాను. గోళ్లు ఉన్నాయా అని, పెదవులు ఎట్లా ఉన్నాయని. అన్నీ చెప్పాడు. కంటికి ఆపరేషన్ కాకముందు నుంచీ ఆయనకు ఆ ముఖం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. నాకు ఆ సాయంత్రమే మొదటిసారి కనిపించింది.

లైటు వేయడానికి లేస్తుంటే, “ఇగ చదువు,” అన్నాడు. “నేను అక్కడ్నే ఆగిపోయిన. తర్వాత ఏమైందో నాకు తెల్వది.”

రెండో అధ్యాయం తీశాను. ఈసారి దొంగతనంగా కాదు. రాజమ్మ పుట్టింటికి పోయింది, తిరిగొచ్చింది, కుట్టుమిషను నేర్చుకుంది, సొంత దుకాణం పెట్టింది. రోజుకు రెండు అధ్యాయాలు. చెలకలో ఆఖరి మడులు తవ్వుతుంటే మేము ఆఖరి అధ్యాయాల్లో ఉన్నాం. ఆయన ఎక్కడా అడ్డుతగల్లేదు. నర్సింహులు ముసలివాడై, దుకాణం ముందు కూర్చుని గుండీలు కుట్టే చోట మాత్రం చేయెత్తి ఆపమన్నాడు.

“రాజమ్మ వాన్ని ఎన్నడన్న అడుగుతదా, ఆ దినం సంగతి?”

“లేదు. అడుగదు.”

“అడిగితే వాడు ఏం చెప్తుండె?”

“తెల్వదు. అప్పుడు నాకు తెల్వదు.”

“ఊఁ,” అన్నాడు. “చదువు.”

నలభై రోజులయ్యాయి. డాక్టరు కన్ను చూసి బాగుందన్నాడు. అల్లం గోనెసంచులు డీసీఎం వ్యానులో ఎక్కి మార్కెట్టుకు పోయాయి. ఆ మర్నాడు పొద్దున ఆయన స్కూటరు తుడుస్తుంటే, “చిరాగ్‌పల్లి పోదామా?” అని నేనే అడిగాను. ఆయన గుడ్డ దులిపి, “పోదాం పా,” అన్నాడు.

ముంబై రోడ్డు మీద లారీల పక్క నుంచి నెమ్మదిగా పోయాం. గురులింగప్ప మామ పోయి చాలా ఏళ్లయింది, ఆ చెలక ఎవరెవరి చేతులో మారింది. ఒక దాబా ముందు స్కూటరు ఆపి, ఆయన రోడ్డు వైపు చూపించాడు. బిడ్డను పెట్టిన చెలక మూల అక్కడిదాకా ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిందట.

“రోడ్డు తవ్వే మిషను వచ్చిన దినం నేను వచ్చి నిలబడ్డ,” అన్నాడు. “నీకు కోహీర్‌ల పనున్నదని చెప్పి వచ్చిన.”

లారీలు పోతున్నాయి. చూడడానికి ఏమీ లేదు. నాకు ఏడుపు వస్తుందేమోనని భయపడ్డాను గానీ రాలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. దాబాలో పిల్ల రెండు చాయ్‌లు తెచ్చి స్టూలు మీద పెట్టిపోయింది.

“మామ ఏమన్న అన్నడా, ఆ దినం?”

“గడ్డపార తెచ్చిండు. ఇద్దరం తవ్వినం. అంత అయినంక, పేరేం పెట్టిన్రు రా అన్నడు. ఇంక పెట్టలే అన్న. పేరు లేకుంట మట్టిల పెట్టద్దు, ఏదన్న ఒకటి చెప్పు అన్నడు.” ఆయన చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని లారీల వైపు చూస్తున్నాడు. “నాకేం తోస్తలేదు. అప్పుడు నాకు యాదికొచ్చిన పేరు నీదొక్కటే. మహేశ్వరి అని చెప్పిన.”

చాయ్ తాగి ఇంటికొచ్చాం. మొదటి అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చలేదు. ముందుమాట ఆ మధ్యాహ్నమే అయిపోయింది, మూడు పేజీలు. కోపం అనే మాట అందులో లేదు. ‘నాకు తెలియని ఒక రోజు గురించి నేను ఈ నవల రాశాను’ అని మొదలవుతుంది. బస్సులో పక్క సీటామె సంగతి, బియ్యం డబ్బా సంగతి రాశాను. చిరాగ్‌పల్లిలో విన్నది రాయలేదు. అది అప్పటికింకా నాకే కొత్త.

మా ఆయన కొత్త కన్నుతో ఆ మూడు పేజీలూ తనే చదువుకున్నాడు, పెదవులు కదుపుతూ, వేలు పెట్టుకుని. అయ్యాక కాగితాలు సర్ది నా ముందు పెట్టి, “కింద పేరు రాయలే,” అన్నాడు.

కలం తీసుకున్నాను. నలభై ఏళ్లుగా సంతకం పెడుతున్న పేరు. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగింది. ఆయన తొందరపెట్టలేదు. పక్కనే నిలబడ్డాడు. బడిలో చేరిన రోజు పిల్లలు రాసినట్లు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను.